ఎడారిలో దారి తెలియనివాడు

జనవరి 9, శుక్రవారం

అక్క నాకు ఎడారి చూపించే యాత్రకి టిక్కెట్టు కొన్నది. నాకు. మదామ్ అనే ఈ ఎడారి ఊరి ఇసుకలో పుట్టి, ఒంటె పాలు తాగి పెరిగి, డెబ్బై మూడేళ్లు ఇక్కడే గడిపినవాడికి ఎడారి చూపిస్తారట. ఫోను నా మొహం ముందు పెట్టింది. ఎర్ర ఇసుక తిన్నెలు, క్వాడ్ బైకు స్వారీ, ఒంటె సవారీ, సూర్యాస్తమయం, భోజనం, నాట్యాలు, నిప్పుల ఆట, చివర్లో ‘అసలైన ఎడారి కథ’.

ఆ చివరి ముక్క చదివాక ఇవన్నీ జరిపే శిబిరం ఎవరిదో అడగక్కర్లేదు. అయినా అడిగాను.

“సురూర్‌ది. అందుకే కొన్నాను” అంది సలామా అక్క.

“వాడి గడప తొక్కనని నేను ఒట్టేసి ముప్పై ఒక్క ఏళ్లయింది.”

“గుడారానికి గడప ఉండదురా. వెళ్లు.”

ఈవిడ నాకంటే నాలుగేళ్లు పెద్ద. చదువు ఖురాన్ దగ్గరే ఆగిపోయింది. నేను నాలుగు గదుల నిండా పుస్తకాలు చదివాను. వాదనలో మాత్రం ఆవిడే గెలుస్తుంది.

జనవరి 10, శనివారం

వెళ్లను.

జనవరి 11, ఆదివారం

వెళ్లను. దీని మీద అక్కతో పొద్దుటి నుంచీ మాట్లాడలేదు. ఆవిడ ఇంకా గమనించలేదు.

జనవరి 13, మంగళవారం

రాసి పెట్టుకోకపోతే కోపం తగ్గిపోయేలా ఉంది. అందుకని రాస్తున్నాను.

సురూర్, నేను ఒకే ఒంటె మీద ముందూ వెనకా కూర్చుని స్వారీ నేర్చుకున్నవాళ్లం. మా నాన్న ఇసుకలో దారి చూపేవాడు. వాళ్ల నాన్న ఘానిమ్ ఒంటెల్ని చూసుకునేవాడు. 1954 వేసవిలో చమురు కోసం నేల వెతికే విదేశీయులు ముగ్గురు వచ్చారు. వాళ్లని దక్షిణానికి తీసుకెళ్లినవారిలో మా నాన్న, ఘానిమ్, ఇంకా నలుగురు ఉన్నారు. మొత్తం తొమ్మిది మంది. దారిలో ఏదో ఆలస్యమయింది. అందరూ తిరిగి వచ్చారు. జరిగింది ఇంతే.

నలభై ఏళ్ల తరువాత ఒక పెళ్లిలో సురూర్ దీన్ని కథ చేసి చెప్పాడు. రెండు వందల మంది అన్నం పళ్లేల చుట్టూ కూర్చుని వింటున్నారు. రెండో రోజు సాయంత్రం తమ ఒంటెల అడుగులే మూడోసారి ఎదురయ్యాయట. అప్పుడు మా నాన్న ఒంటె దిగి, చేతులు దులుపుకుని, “నాకు దారి తెలియడం లేదు” అన్నాడట. నాన్న పేరు పెట్టి మరీ చెప్పాడు. రెండు వందల మందీ నవ్వారు. నేను అన్నం ముట్టకుండా లేచి వచ్చేశాను. ఆ రోజు నుంచి వాడి మొహం చూడలేదు.

దారి చూపేవాడు ఆ మాట అనడు. ప్రాణం పోయినా అనడు. అది నిరూపించడానికి నక్షత్రాల స్థానాలు, బావుల లోతులు, ఆ ఏడాది గాలుల దిశ అన్నీ సేకరించి ఎనభై నాలుగు పేజీల పుస్తకం రాసి, సొంత ఖర్చుతో మూడు వందల ప్రతులు వేయించాను. రెండు వందల అరవై నా మంచం కింద ఉన్నాయి. సురూర్ దానికి జవాబు రాయలేదు. వాడి పొగరు అలాంటిది.

నాన్నని నేనెప్పుడూ అడగలేదు. అడగవలసిన అవసరం కనిపించలేదు.

ఇప్పుడు అదే కథని వాడు రోజూ సాయంత్రం ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లకి మైకులో చెబుతున్నాడు. అంటే నాన్నని చూసి రోజూ ఒక కొత్త దేశం నవ్వుతోంది.

జనవరి 14, బుధవారం

వెళ్తాను. అక్క చెప్పిందని కాదు. కళ్లతో చూడకుండా పత్రికకి రాస్తే అది చాడీ. చూసి రాస్తే విమర్శ. ముప్పై నాలుగేళ్లు పాఠశాలలు తనిఖీ చేసినవాణ్ణి, తప్పులు పట్టడం నాకు కొత్త కాదు. ఒక చిన్న నోటు పుస్తకం కొన్నాను. వాడి కథలోంచి నాన్న పేరు పోయేదాకా వదలను.

అక్కకి చెబితే, “అలాగే, తప్పులే పట్టు. కానీ ఆ కథ పూర్తిగా—” అంటూ ఏదో మొదలుపెట్టింది. ఆ కథ గురించి ఈ ఇంట్లో మాట్లాడకూడదని గుర్తుచేశాను.

జనవరి 16, శుక్రవారం

వెళ్లాను. వచ్చాను. బొటనవేలు కలం పట్టనివ్వడం లేదు. రేపు.

జనవరి 17, శనివారం

నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నాలుగింటికి గుమ్మంలో నిలబడ్డాను. కారు తెచ్చినవాడు జుమా గుల్ అనే పఠాను. కారులో అప్పటికే ఒక కొత్త జంట ఉంది. వాళ్లు దారి పొడవునా ఒకరినొకరు ఫొటోలు తీసుకోవడం తప్ప మరో పని చేయలేదు. నా పక్కన హలీనా అనే పోలండ్ ఆవిడ. రైళ్లకి సిగ్నళ్లు అమర్చే ఉద్యోగం చేసి రిటైరయిందట. నన్ను ఏ దేశం అని అడిగింది. ఈ దేశమే అన్నాను. “అయితే మీరెందుకు వచ్చారు?” అంది. ఆలోచించి చెబుతానన్నాను.

తారు రోడ్డు అయిపోయిన చోట జుమా గుల్ కారు ఆపి చక్రాల్లో గాలి తీశాడు.

“హాజీ, భయపడకండి. బండి కాస్త ఊగుద్ది.”

“నేను ఈ ఇసుకలోనే పుట్టాను.”

“అయితే బెల్టు ఇంకొంచెం బిగించుకోండి. ఎక్కువ వాంతులు చేసుకునేది ఇక్కడ పుట్టినోళ్లే.”

నేను చేసుకోలేదు. కొత్త పెళ్లికొడుకు చేసుకున్నాడు. చాలా తృప్తిగా అనిపించింది.

తరువాత క్వాడ్ బైకులు. నాలుగు లావు చక్రాలు, మధ్యలో జీను లాంటి సీటు, కుడి బొటనవేలితో నొక్కే ఒక మీట. జుమా గుల్ నా తలగుడ్డ, అదే గుత్రా, విప్పి మడత పెట్టి, నెత్తిన హెల్మెట్ దింపాడు. కారు అద్దంలో చూసుకుంటే నీళ్ల కూజాకి గడ్డం మొలిచినట్టు ఉన్నాను.

“నా వెనకే రండి. నా చక్రాల జాడ తప్పొద్దు” అన్నాడు అందరితో.

అతను ఎంచుకున్న జాడ తప్పు. గాలి కొట్టే వైపు ఇసుక గట్టిగా ఉంటుంది, అటు నుంచి ఎక్కాలి. ఇది ఒంటెలకి కూడా తెలుసు. అందుకని నేను విడిపోయి సరైన వైపు నుంచి వెళ్లాను. మూడు తిన్నెలు దాటాను. ఒక ఘాఫ్ చెట్టు వచ్చింది. ఇంకో రెండు తిన్నెలు దాటితే ఇంకో ఘాఫ్ చెట్టు వచ్చింది. దానికి కూడా ఎడమ కొమ్మ విరిగి ఉంది. మూడో చెట్టుకి కూడా ఎడమ కొమ్మే విరిగి ఉంది. దాని కింద బండి ఆపి కూర్చున్నాను. కాసేపటికి జుమా గుల్ వచ్చాడు.

“హాజీ, ఎటు పోతున్నారు?”

“ఎటూ పోవడం లేదు. ఈ చెట్టు చూస్తున్నాను. తెగులు పట్టింది.”

“మూడుసార్లు చూశారు. పైనుంచి లెక్కపెట్టా.”

“పెద్ద తెగులు.”

అతను చెట్టు వైపు చూసి తలూపాడు. మర్యాద తెలిసినవాడు.

స్వారీ నాకు నచ్చలేదు. రెండో విడత అడిగింది మొదటి విడతలో అన్నీ సరిగా గమనించలేకపోయినందుకే. రెండో విడతలో హలీనాని దాటి వెళ్లాను. తిన్నె అంచున బండి ఒక క్షణం గాలిలో ఉంటుంది. ఆ సమయంలో మనిషి నోటి వెంట ఒక రకమైన కేక వస్తుంది. అది భయం వల్ల రాదు. ఎందువల్ల వస్తుందో ఏ పుస్తకంలోనూ చదివినట్టు గుర్తులేదు.

దిగేసరికి కుడి బొటనవేలు మొద్దుబారిపోయి ఉంది. ఈ సంగతి ముఖ్యం. బొటనవేలు.

శిబిరం చేరేసరికి సూర్యుడు దిగుతున్నాడు. నోటు పుస్తకం తీశాను. గుడారాల గుడ్డ మేక జుట్టుతో నేసింది కాదు, తప్పు ఒకటి. ఫొటోల కోసం కూర్చోబెట్టిన డేగ చలికి ముడుచుకుంది, తప్పు రెండు. ఈజిప్టు నుంచి వచ్చినవాడొకడు రంగురంగుల పావడా కట్టుకుని బొంగరంలా తిరిగాడు. నడుము తిప్పే నాట్యం ఒకటి జరిగింది. మా తాతలు దాన్ని చూసి ఉంటే ముందు కళ్లు మూసుకునేవాళ్లు, తరువాత వేళ్ల సందుల్లోంచి చూసేవాళ్లు. పంతొమ్మిదో తప్పు దాకా వచ్చాక చీకటి పడి అక్షరాలు కనిపించలేదు.

అప్పుడు సురూర్ వచ్చాడు. ఎడమ చేతిలో కాఫీ కూజా, కుడి చేతిలో కప్పుల దొంతర. అరవై మందికీ మొదటి కప్పు తనే పోస్తాడట. ముసలివాడైపోయాడు. చూసి సంతోషించాను. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

నా దగ్గరికి వచ్చి, నల్ల కళ్లద్దాల వైపు చూసి, ఏమీ అనకుండా కప్పులో అడుగున కొంచెం పోసి ఇచ్చి, పక్కకి జరిగాడు. నేను కుడి చేత్తో అందుకున్నాను. బొటనవేలు పట్టు ఇవ్వలేదు. కప్పు జారబోయింది. ఎడమ చేతికి మార్చుకోలేను కదా. తాగకుండా కప్పు తివాచీ మీద పెట్టాను.

పెట్టాక గుర్తొచ్చింది.

సురూర్ ఇద్దరిని దాటి వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు. కప్పుని చూశాడు. పోసింది పోసినట్టే, నా మోకాలి ముందు, నేల మీద ఉంది. వాడి చేతిలో కూజా వంగి ఉన్నది వంగినట్టే ఆగిపోయింది. కొత్త పెళ్లికొడుకు కప్పు పొంగి వాడి ప్యాంటు తడిసింది.

వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. “ముప్పై ఒక్క ఏళ్ల తరువాత వచ్చావు, ఖల్ఫాన్. అదీ అడగడానికి వచ్చావా?”

హలీనా మా ఇద్దరినీ చూసి, “ఏమైంది? కాఫీ బాగోలేదా?” అంది.

సురూర్ చూపు నా మీద నుంచి తిప్పకుండానే ఆవిడకి చెప్పాడు. “మా దగ్గర అతిథి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే ఏదో కోరి వచ్చాడని అర్థమమ్మా. ఆ కోరిక తీరుస్తానని ఇంటివాడు మాట ఇవ్వాలి. ఇచ్చేదాకా అతను తాగడు.”

“కోరిక ఏమిటో తెలియకుండానే మాట ఇస్తారా?”

“తెలిశాక ఇస్తే అది బేరమే కదా.” నా వైపు వంగాడు. “తాగు, ఖల్ఫాన్. ఇచ్చేశాను. ఇప్పుడు చెప్పు.”

బొటనవేలు నొప్పిగా ఉంది, అందుకే పెట్టాను, అని చెప్పి ఉండవచ్చు. అదే నిజం. నేను అడగడానికి వెళ్లినవాణ్ణి కాదు. వాడి ముందు చేయి చాచేవాణ్ణి అసలే కాదు. బొటనవేలు. ఈ ముక్క స్పష్టంగా రాసి పెడుతున్నాను.

కానీ నా నోరు అంది, “నీ కథలోంచి మా నాన్న పేరు తీసెయ్యి.”

వాడు కూజా తివాచీ మీద పెట్టాడు.

“ఇంకేదైనా అడుగు.”

“ఇచ్చేశానన్నావు.”

“ఒంటెని అడుగు. కారుని అడుగు. ఈ శిబిరం మొత్తం అడుగు, అంత బాధ ఉండదు.”

“నువ్వు మాట ఇచ్చాక బేరం మొదలుపెట్టావు. నీ తప్పుల్లో ఇది ఇరవయ్యోది.”

లేచాడు. మోకాళ్లు టక్కుమన్నాయి. “సరే. పేరు తీసేశాను. ఇవాళా చెప్పను, రేపూ చెప్పను, ఎప్పుడూ చెప్పను. తాగు.”

రెండు చేతులతో కప్పు పట్టుకుని తాగాను. చల్లారిపోయింది. గెలిచాను.

అదే రోజు, మధ్యాహ్నం

వేలికి కాసేపు విశ్రాంతి ఇచ్చి మిగతాది రాస్తున్నాను.

భోజనాలయ్యాక వాడు మైకు తీసుకున్నాడు. ముందు అరబ్బీలో, వెంటనే ఇంగ్లీషులో. ‘దారి చూపే ఒక మనిషి’ అని మొదలుపెట్టాడు. పేరు రావలసిన చోట కొంచెం ఆగి, మింగి, ముందుకి వెళ్లాడు. తోలు సంచుల్లో నీళ్లు సగానికి తగ్గడం, తమ అడుగులే ఎదురవడం, అన్నీ చెప్పాడు. “నాకు దారి తెలియడం లేదు” దగ్గరికి వచ్చాడు. అరవై మందీ నవ్వారు. పెళ్లిలో నవ్విన నవ్వే, ఈసారి పది భాషల్లో.

ఇక చాలు, పేరు పోయింది, వచ్చిన పని అయింది అనుకుని లేవబోయాను.

కాళ్లు లేవలేదు. రెండు విడతల స్వారీకి తొడలు బిగుసుకుపోయి, నేల మీద దిండులో కూరుకుపోయి ఉన్నాను. చేయి ఊనబోతే బొటనవేలు. జుమా గుల్ దూరంగా కారు దగ్గర ఉన్నాడు. లేపమని హలీనాని అడగలేను. కాబట్టి కూర్చున్నాను. కాబట్టి విన్నాను.

నవ్వు ఆగేదాకా సురూర్ ఆగాడు.

“నవ్వండి. మా నాన్న చెప్పినప్పుడు నేనూ నవ్వాను. చెంప మీద ఒకటి కొట్టి మిగతాది చెప్పాడు. ఇసుకలో దారి తప్పి చచ్చిన జట్లు చాలా ఉన్నాయి. వాళ్లందరికీ దారి చూపేవాడు ఉన్నాడు. ఆ చూపేవాడికి దారి తెలియడం లేదు. అయినా ఆ సంగతి చెప్పలేక, ఇదిగో ఈ తిన్నె దాటితే వచ్చేస్తుంది, ఆ తిన్నె దాటితే వచ్చేస్తుంది అని నడిపిస్తూ పోయాడు. నీళ్లు అయిపోయేదాకా నడిపించాడు. వాళ్ల ఎముకలు కనపడ్డాయిగానీ, వాళ్ల కథ చెప్పేవాడు మిగల్లేదు.

“ఈ మనిషి ఒక్కడే నోరు తెరిచి తెలియడం లేదన్నాడు. అన్నాక ఒక్కణ్ణీ ఒక్క అడుగు వెయ్యనివ్వలేదు. ఒంటెల్ని కూర్చోబెట్టి వాటి నీడన మనుషుల్ని పడుకోబెట్టాడు. నీళ్లు కప్పుతో కొలిచి తనే పోశాడు, తన వంతు చివర. పచ్చి కొమ్మలు కాల్చి పొగ పెట్టాడు. ఆ పొగ చూసి, అలా ఆగిన మూడో రోజు మనుషులు వచ్చారు. తొమ్మిది మందీ బతికారు. వాళ్లలో ఒంటెలు చూసుకునే ఇరవై ఏళ్ల వాడొకడు ఆ చలికాలంలోనే పెళ్లి చేసుకున్నాడు. వాడి పెద్ద కొడుకుని నేను.”

ఎవరూ నవ్వలేదు.

“అందుకని రోజూ చెబుతాను” అన్నాడు. “అంతే కథ.”

హలీనా చేయి ఎత్తింది. సిగ్నళ్ల ఉద్యోగం చేసినావిడ, ఏదీ సగంలో వదలదు. “ఆయన పేరేమిటి?”

సురూర్ గడ్డం గోక్కున్నాడు. “పేరు ఉందమ్మా. రోజూ చివర్లో చెప్పేవాణ్ణి. అరవై మంది చేత పలికించేవాణ్ణి కూడా. ఇక చెప్పనని మాట ఇచ్చాను.”

“ఎవరికి?”

“ఒక అతిథికి.”

నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. వాడి సంగతి నాకు తెలుసు. ఇచ్చిన మాట మీద ఎండిపోయి చస్తాడు తప్ప కదలడు. ఇన్నాళ్లూ నాన్న పేరుని రోజుకో దేశం చేత పలికించాడట. నేను ఎనభై నాలుగు పేజీలు రాసి ఆయన అన్న ఆ ఒక్క మాటని అనలేదని నిరూపించాను. ఆయన నా పుస్తకం చదివి ఉంటే ఏమనేవాడో. నిన్న సాయంత్రం ఘాఫ్ చెట్టు కింద నేను చెప్పలేకపోయిన మాట కూడా అదే. అక్కడ నీళ్లకి కరువు లేదు, పిలిస్తే వినే దూరంలో మనిషి ఉన్నాడు, అయినా చెప్పలేకపోయాను.

అందరూ పేరు కోసం ఎదురుచూస్తున్నారు. నిప్పుల ఆట ఆడేవాడు కర్రలు వెలిగించుకుని పక్కన నిలబడి ఉన్నాడు.

మాట ఇచ్చింది వాడు. నేను ఇవ్వలేదు.

“ముసబ్బహ్” అన్నాను. గొంతు ముందు వరుస దాకా కూడా వెళ్లలేదు. సురూర్ నడిచి వచ్చి మైకు నా గడ్డం కింద పెట్టాడు. అది కీచుమంది. కళ్లద్దాలు తీసేశాను.

“ముసబ్బహ్ బిన్ హుమైద్” అన్నాను. “మా నాన్న. ఆయన నిజంగానే ఆ మాట అన్నాడు.”

అరవై మంది ఆ పేరుని పది రకాలుగా పాడుచేస్తూ పలికారు. ఒక్కరిని కూడా సరిదిద్దలేదు.

జనవరి 18, ఆదివారం

అక్క నిన్నంతా అడగకుండా ఓపిక పట్టింది. ఈ పొద్దున రొట్టె పెడుతూ, “చివరిదాకా విన్నావా?” అంది.

“విన్నాను.”

“ముప్పై ఏళ్లుగా చెప్పబోతున్నా. ఏ రోజైనా నా నోట్లోంచి వాక్యం పూర్తిగా బయటికి రానిచ్చావా?”

“నీకు ముందే తెలుసా?”

“పెళ్లిలో ఆడవాళ్లం గుడ్డ తెర వెనకే కూర్చున్నాం. అందరం ఏడ్చాం. నువ్వప్పటికే ఒంటిగా ఇంటికొచ్చి గిన్నెలు విసిరేస్తున్నావు.” రొట్టె మీద తేనె వేసింది. “తిను.”

తిన్నాను.

పదింటికి సురూర్‌కి ఫోను చేశాను. మాట నుంచి విడుదల చేస్తున్నాను, పేరు మళ్లీ పెట్టుకో, అన్నాను.

“కుదరదు” అన్నాడు.

“అడిగింది నేనే. వద్దంటున్నదీ నేనే.”

“ఇచ్చింది నేను. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో లేదు. నేను ఆ పేరు చెప్పను.”

“మరి కథ చివర ఏం చేస్తావు?”

“అక్కడ ఆగుతాను. ఎవరో ఒకరు చెప్పాలి. జుమా గుల్ నాలుగింటికి వస్తాడు. గుత్రా ఉతికించి కట్టుకో, మొన్న అంతా ఇసుక.”

మొండివాడు. వాడు దిగివచ్చేదాకా వెళ్తాను. అంతకంటే ఒక్క రోజు కూడా ఎక్కువ వెళ్లను.

ఫిబ్రవరి 12, గురువారం

వాడు ఇంకా దిగిరాలేదు.